తెల్లవారేసరికి బండి కిందికి దిగిపోతోందా? కంప్రెసర్ మార్చే ముందు చూడవలసినవి

సెకండ్ హ్యాండ్‌లో పెద్ద లగ్జరీ ఎస్‌యూవీ కొన్నవారు అనంతపురంలోని మా షెడ్డుకు తెచ్చే ఫిర్యాదుల్లో తరచుగా వినేది ఇదే. ఇలాంటి బండ్లలో చాలావాటికి చక్రాల దగ్గర స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు బెలూన్లు ఉంటాయి (ఎయిర్ సస్పెన్షన్), వాటిలోకి గాలి కొట్టేది కంప్రెసర్. రాత్రి ఎత్తుగా నిలిపిన బండి తెల్లవారేసరికి చక్రాల మీద కూలబడి ఉంటుంది. స్టార్ట్ చేయగానే కంప్రెసర్ చాలాసేపు గుర్రుమంటూ తిరిగి, బండిని మెల్లగా పైకి లేపుతుంది. కొన్ని వారాలకు ఆ లేవడం కూడా ఆగిపోయి డాష్‌బోర్డు మీద సస్పెన్షన్ హెచ్చరిక వెలుగుతుంది. అప్పుడు దాదాపు అందరూ కంప్రెసర్ మార్పిస్తారు. కంప్రెసర్ పోయిన మాట నిజమే కావచ్చు. కానీ అది ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది బిగిస్తే, ఆ కొత్తదీ అదే దారిన పోతుంది.

ముందుగా బ్యాటరీ చూడండి

ఇది అందరికీ తెలిసిన పరీక్షే అయినా ఎవరూ చేయరు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక, తాళం తిప్పక ముందే మల్టీమీటర్ పెట్టి చూడండి. మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12.2 కన్నా తక్కువ చూపితే సగానికి పైగా ఖాళీ అయినట్టే. ఈ బండ్లలో వోల్టేజీ పడిపోగానే కంట్రోల్ యూనిట్లు (బండిలోని చిన్న కంప్యూటర్లు) ఒకదాని తర్వాత ఒకటి తప్పుడు హెచ్చరికలు ఇస్తాయి, వాటిలో సస్పెన్షన్ కూడా ఉంటుంది. వారానికి ఒక్కరోజే బండి తీసేవారికి ఇది మరీ ఎక్కువ. బ్యాటరీ సరిచేసి, స్కానర్‌తో లోపాల కోడ్లు తుడిచి, రెండు రోజులు చూశాకే సస్పెన్షన్ మీద చేయి వేయండి.

తర్వాత టేపు పట్టండి

కంటి చూపుతో అంచనా వేయవద్దు. చదునైన నేల మీద బండి ఆపి, ప్రతి చక్రం నడిమధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు ఎంత ఎత్తు ఉందో మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోండి. పొద్దున మళ్లీ కొలవండి. మన ప్రాంతంలో ఒక విషయం గుర్తుంచుకోవాలి. 42 డిగ్రీల మధ్యాహ్నపు ఎండలో ఆపిన బండిని తెల్లవారుజామున 27 డిగ్రీల్లో చూస్తే, బెలూన్లలోని గాలి చల్లబడి సుమారు ఐదు శాతం కుంచించుకుపోతుంది. కాబట్టి నాలుగు మూలలూ ఒక సెంటీమీటరు అటూ ఇటూగా దిగితే అది లీకు కాదు. ఒక్క మూల మూడు నాలుగు సెంటీమీటర్లు దిగితే ఆ మూల బెలూనో, దానికి వెళ్లే పైపో కారుతోందని అర్థం. ఇక్కడివరకు పని సులువే.

నాలుగు మూలలూ సమానంగా దిగినప్పుడు

అసలు మోసం ఇక్కడ ఉంది. నేను దీని వల్ల ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను కాబట్టి కొంచెం విపులంగా చెబుతాను.

కొన్నేళ్ల కిందట కర్నూలు నుంచి ఒకాయన బండి తెచ్చారు. అంతకుముందే వేరే చోట ఒక కంప్రెసర్ మార్పించారు. "అన్నా, నాలుగు పక్కలా సమంగా దిగుతాండాది, ఏ ఒక్క బెలూనూ పోయినట్టు లేదు" అన్నారు. నేనూ కొలిచాను. నాలుగు మూలలూ దాదాపు ఏడు సెంటీమీటర్లు, సమానంగా దిగాయి. నాలుగు బెలూన్లు ఒకేసారి ఒకే వేగంతో కారడం అసంభవం కాబట్టి తప్పు నాలుగు బెలూన్లకూ గాలి పంచే వాల్వ్ బ్లాకుదే అనుకుని దాన్ని మార్చాను. మూడో రోజుకు బండి మళ్లీ నేల మీదికి వచ్చింది. ఆయన ఖర్చుపెట్టిన డబ్బు వృథా అయినందుకు నాకు ఈనాటికీ బాధగా ఉంది.

జరిగింది ఇది. ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3, 4, ఆ కాలపు రేంజ్ రోవర్ వంటి బండ్లలో, ఇంజను ఆపి తలుపులు మూసి తాళం వేసిన తర్వాత కూడా సస్పెన్షన్ కంట్రోల్ యూనిట్ కొన్ని గంటలకొకసారి మేల్కొని నాలుగు మూలల ఎత్తూ చూసుకుంటుంది. ఒక మూల దిగి ఉంటే, ఇంజను ఆగి ఉన్నందున దాన్ని పైకి లేపలేదు గనుక, మిగతా మూడు మూలల గాలిని కొద్దికొద్దిగా వదిలి బండిని ఆ దిగిన మూలకు సమం చేస్తుంది. బండి ఒక పక్కకు ఒరగకుండా ఉండేందుకు చేసిన ఏర్పాటు అది. దాని వల్ల కారేది ఒక్క బెలూనే అయినా, తెల్లవారేసరికి నాలుగూ సమంగా దిగి కనిపిస్తాయి. దోషి ముగ్గురు నిర్దోషుల మధ్య దాక్కుంటాడు.

దీన్ని పట్టుకునే దారి చాలా చవకైనది. సాయంత్రం బండి ఆపి, తాళంచెవి తీసి, ఎత్తులు కొలిచి రాసుకుని, ఫ్యూజు బాక్సులో ఎయిర్ సస్పెన్షన్ ఫ్యూజును పీకి పక్కన పెట్టండి. ఏది ఆ ఫ్యూజో యజమాని పుస్తకంలో చూసి నిర్ధారించుకోండి. ఇక కంట్రోల్ యూనిట్ రాత్రి మేల్కొని సర్దుబాటు చేయలేదు. కర్నూలు బండికి నేను ఆ రాత్రి అలా చేశాను. పొద్దున చూస్తే మూడు మూలలు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి, వెనుక ఎడమ మూల ఒక్కటే చక్రం మీద కూర్చుని ఉంది. ఫ్యూజు తిరిగి పెట్టాక ఒకటి రెండు కోడ్లు మిగలవచ్చు, వాటిని స్కానర్‌తో తుడిచేయండి.

అంతటితో కథ ముగియలేదు. ఆ మూల బెలూన్ మీద సబ్బు నీళ్లు చల్లితే ఒక్క బుడగ రాలేదు. మామూలు ఎత్తులో బెలూన్ కింది భాగం లోపలికి మడత పడి ఉంటుంది, పగులు ఆ మడత లోపల నలిగి మూసుకుపోయి ఉంది. ఇంజను నడుపుతూ బండిని ఆఫ్‌రోడ్ ఎత్తుకు లేపి, ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టాక చూశాను. మడత విప్పుకున్న చోట రబ్బరు మీద గోటితో గీసినట్టు సన్నని గీత కనిపించింది. సబ్బు నీళ్లు తగలగానే దాని వెంట తెల్లని నురగ పూసలు కట్టింది. మడతలో వేలు పెట్టి తుడిస్తే బూడిద రంగు పొడి అంటింది. ఆ బండి తరచుగా తాడిపత్రి వైపు తిరిగేది. అక్కడి నాపరాళ్ల పాలిష్ యూనిట్ల పొడి మడతలో చేరి, బండి లేచి దిగిన ప్రతిసారీ ఇసుక కాగితంలా రబ్బరును అరగదీస్తుంది. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దారిలో తిరిగే బండ్లలోనూ నేను ఇదే చూశాను. నెలకొకసారి బండిని పై ఎత్తుకు లేపి మడతలను మామూలు నీళ్లతో కడిగించండి. స్టాండ్లు లేకుండా గాలి మీద నిలిచిన బండి కిందికి ఎవరినీ దూరనివ్వకండి. గాలి ఒక్కసారిగా పోతే ప్రాణం మీదికి వస్తుంది.

పరిష్కారం

పగిలిన బెలూన్‌కు ప్యాచ్ వేయడం, జిగురు పూయడం పనికిరావు. ఒకటి పోతే అదే ఇరుసు మీద రెండోదానికీ అదే వయసు కాబట్టి జత మార్చడమే మంచిది. ఆ తర్వాతే కంప్రెసర్ సంగతి చూడాలి. లీకు ఉన్నన్నాళ్లూ అది తన వంతుకు మించి తిరిగి వేడెక్కి, పిస్టన్ రింగు అరిగి, ఒత్తిడి కట్టలేని స్థితికి వస్తుంది. కంప్రెసర్ మార్చితే దానికి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చు, అంటే రిలేను కూడా తప్పక మార్చండి. రిలే పాయింట్లు అతుక్కుంటే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది, రిలే ధర దాని ముందు లెక్కలోకి రాదు. గాలిలోని తేమను పీల్చే డ్రైయర్‌లోని గింజలు తేమ పట్టి ఉంటే అవీ మార్చాలి, లేకుంటే ఆ తేమ వాల్వ్ బ్లాకులోకి చేరుతుంది.

బెలూన్లు తీసేసి మామూలు స్ప్రింగులు వేయమని కొందరు అడుగుతారు. నేను ఒప్పుకోను. ఆ బండికి డబ్బు పోసి కొన్నది ఆ నడక కోసమే.

ఎత్తు సెన్సారు కడ్డీ విరగడం, గాలి ట్యాంకు కారడం, కంట్రోల్ యూనిట్ పాడవడం కూడా ఉంటాయి గానీ అరుదు. పైవన్నీ తేలాకే వాటి జోలికి వెళ్లండి.

కొనబోయేవారికి

బెంగళూరులోనో హైదరాబాదులోనో బండి చూడబోతుంటే, ఉదయం ఏడింటికే వెళ్లి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎవరో అప్పటికే బండిని లేపి నిలబెట్టారు. నాలుగు చక్రాల దగ్గరా గాలి ఉందో, బీఎమ్‌డబ్ల్యూ ఎక్స్5 కొన్ని పాత మోడళ్లలోలాగా వెనుక మాత్రమే ఉందో ముందే తెలుసుకోండి. నచ్చితే, కొనే ముందు ఒక సాయంత్రం ఫ్యూజు పీకి ఒక రాత్రి ఉంచమని అడగండి. యజమాని ఒప్పుకోకపోతే, బెలూన్ల పూర్తి సెట్టు, కంప్రెసర్, రిలే ఖర్చు మీరు చెప్పబోయే ధరలోంచి తీసేసి మాట్లాడండి.