ఆన్‌లైన్‌లో కొన్న ఎలక్ట్రిక్ సైకిల్: పెట్టె విప్పాక వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

పెట్టె మీద '85 శాతం బిగించే పంపుతున్నాం' అని ఉంటుంది. కొన్నవాళ్లు మిగిలిన ముందు చక్రం, హ్యాండిల్, సీటు, పెడళ్లు బిగించుకుని రోడ్డెక్కేస్తారు. తీరా గొడవ వచ్చేది ఎక్కువగా ఆ 85 శాతంలోనే. ఫ్యాక్టరీలో చాలా భాగాలను ఊడిపోకుండా ఉండేంత వరకే బిగిస్తారు. ఆఖరి బిగింపు, సర్దుబాటు, నడిపి చూడటం దుకాణం వాళ్లు చూసుకుంటారన్న లెక్క అది. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు మధ్యలో ఆ దుకాణమే ఉండదు. అందుకే మోటారును అనుమానించే ముందు బోల్టులను అనుమానించండి.

ఆలెన్ కీల సెట్టు, 15 ఎంఎం పెడల్ స్పానర్, గాలి గేజీ, వీటితో పాటు ఎంత బలంగా బిగించామో న్యూటన్ మీటర్లలో చూపే టార్క్ రెంచ్ ఉండాలి. టార్క్ రెంచ్ లేకపోతే హ్యాండిల్, బ్రేకులు, వెనుక చక్రం జోలికి వెళ్లకుండా మెకానిక్‌కు అప్పగించడం మేలు.

పాదం ముందు చక్రానికి తగులుతోంది, హ్యాండిల్ తిప్పితే ఏదో తేడాగా ఉంది

ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల ఫోర్కును మొదట చూడండి. పెట్టెలో పట్టడం కోసం ఫోర్కును వెనక్కి తిప్పి పెడతారు. విప్పినవాళ్లు అది గమనించక హ్యాండిల్‌ను మాత్రం ముందుకు పెట్టి బిగించేస్తారు. అలా బిగించినా బండి నడుస్తుంది కాబట్టి చాలా రోజులు ఎవరూ పట్టించుకోరు. డిస్కు బ్రేకు ఉన్న బండి అయితే గుర్తుపట్టడం తేలిక. సీటు మీద కూర్చున్న మనిషికి ఎడమవైపున, ఫోర్కు కాలికి వెనకాల కాలిపర్ (డిస్కును ప్యాడ్లతో నొక్కే భాగం) ఉండటం మామూలు. అది కుడివైపున, ఫోర్కు ముందు భాగంలో కనిపిస్తే ఫోర్కు తిరగబడినట్టే. బ్రేకు తీగ మెలిక పడి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే ముక్క) పక్క బోల్టులు వదులు చేసి ఫోర్కును తిప్పి, తీగలు సర్ది, మళ్లీ బిగించాలి.

ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కీ ఊపితే 'టక్ టక్' మంటోంది

ఫ్రేములో ఫోర్కు తిరిగే చోట ఉండే హెడ్‌సెట్ బేరింగుల్లో ప్లే, అంటే వదులు ఉంది. సాధారణంగా అందరూ చేసేది పైన కనిపించే టాప్ క్యాప్ బోల్టును బలమంతా పెట్టి బిగించడం. స్టెమ్ పక్క బోల్టులు గట్టిగా ఉన్నంతసేపూ దాన్ని ఎంత తిప్పినా మర పాడవడమే తప్ప ప్లే పోదు. ముందు పక్క బోల్టులు వదులు చేయండి. టాప్ క్యాప్‌ను ప్లే పోయేదాకానే బిగించి, హ్యాండిల్ రెండు వైపులా సాఫీగా తిరుగుతోందో లేదో చూడండి. చక్రానికి సూటిగా పెట్టుకున్నాక, చివర్లో పక్క బోల్టులు బిగించండి.

అక్కడే ఉన్నారు కాబట్టి హ్యాండిల్ రాడ్డును పట్టి ఉంచే ముందు పలకను కూడా చూడండి. దానికి నాలుగు బోల్టులు ఉంటాయి. పెట్టెలోంచి వచ్చిన బండ్లలో తరచూ పై రెండూ పూర్తిగా బిగిసి, పలకకు కింద గోరు పట్టేంత సందు కనిపిస్తుంది. అంటే రాడ్డు ఒక అంచు మీదే ఆగి ఉంది. నాలుగూ వదులు చేసి, ఎదురు మూలల వరసలో కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి. చాలా స్టెమ్‌లలో పైనా కిందా సందు సమానంగా మిగలాలి. బిగింపు సాధారణంగా 5, 6 న్యూటన్ మీటర్లు ఉంటుంది, అంకె స్టెమ్ మీదే చెక్కి ఉంటుంది.

పెడల్ కిర్రుమంటోంది, తొక్కుతుంటే ఊగుతోంది

ఎడమ పెడల్‌కు రివర్స్ మర, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పితే బిగుస్తుంది. ఎల్, ఆర్ గుర్తులు చూడకుండా స్పానర్‌తో బలవంతంగా ఎక్కిస్తే అల్యూమినియం క్రాంకులో (పెడల్ బిగించే చేయి) మర చీరుకుపోతుంది. అప్పుడు చాలాసార్లు క్రాంకు మార్చాల్సి వస్తుంది. గ్రీజు రాసి, మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే తిప్పండి. చేత్తో తిరగడం లేదంటే వంకరగా ఎక్కుతోందని అర్థం. పూర్తి బిగింపు 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు.

బ్రేకు రుద్దుకుంటోంది, లేదా పట్టినా బండి ఆగడం లేదు

ఈ బండ్లు 20, 30 కిలోలు తూగుతాయి. మామూలు సైకిల్‌కు సరిపోయే అరకొర బ్రేకు వీటికి చాలదు.

చక్రం తిరుగుతుంటే 'స్‌స్' అని ఆగకుండా శబ్దం వస్తే కాలిపర్ పక్కకు జరిగింది. దాని రెండు బోల్టులు వదులు చేసి, బ్రేకు లివర్ నొక్కి పట్టుకుని, అలాగే బిగిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. చుట్టుకు ఒకసారి మాత్రమే రుద్దుకుంటే రవాణాలో డిస్కు వంగింది. కొద్దిపాటి వంపునైతే మెకానిక్ సరిచేస్తాడు, ఎక్కువ వంగితే మార్చాలి.

హైడ్రాలిక్ బ్రేకులో చక్రం పెట్టకముందే లివర్ నొక్కితే ప్యాడ్లు రెండూ దగ్గరకు వచ్చేస్తాయి. ఇక డిస్కు లోపలికి పోదు. ప్లాస్టిక్ టైరు లివరుతో ప్యాడ్లను మెల్లగా వెనక్కి నెట్టండి, స్క్రూడ్రైవరు వద్దు. లివర్ మెత్తగా హ్యాండిల్‌దాకా వచ్చేస్తే గొట్టంలో గాలి చేరింది, బ్లీడింగ్ (ఆ గాలిని బయటికి తీయడం) చేయించాలి.

కొత్త బ్రేకు అసలు పట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ప్యాడ్లు ఇంకా డిస్కుతో కుదురుకోలేదు. బండి కొంచెం వేగం అందుకున్నాక, చక్రం లాక్ అవకుండా నడక వేగానికి తగ్గించండి. ఇలా ఇరవై సార్లు చేస్తే పట్టు వస్తుంది. చైనుకు కొట్టే ఆయిల్ స్ప్రే డిస్కు మీద పడితే మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో డిస్కును తుడిచి, ప్యాడ్లు మార్చేయడమే నయం.

డిస్‌ప్లే వెలుగుతోంది, మోటారు తిరగడం లేదు

మోటారును నడిపించే కంట్రోలర్ పోయిందని అమ్మినవాళ్లకు రాసేముందు బ్రేకు లివర్లు చూడండి. లివర్ నొక్కగానే మోటారును ఆపే సెన్సరు చాలా బండ్లలో ఉంటుంది. రవాణాలో లివర్ వంగినా, తీగ మరీ బిగుతుగా ఉన్నా, బ్రేకు పట్టే ఉందని బండి అనుకుంటుంది. నేనైతే మొదట లివర్లను చేత్తో బయటికి తోసి చూస్తాను. తేడా లేకపోతే ఆ సెన్సర్ల కనెక్టర్లు ఒక్కొక్కటే ఊడదీసి, వెనుక చక్రం గాల్లో ఉండగా పరీక్షిస్తాను. ఒకటి తీయగానే మోటారు తిరిగితే దొంగ దొరికినట్టే. పరీక్ష కాగానే దాన్ని సరిచేసి తిరిగి కలపాలి, ఊడదీసి వదిలేయకూడదు.

థ్రాటిల్‌తో (హ్యాండిల్ మీది యాక్సిలరేటరు) మోటారు తిరిగి, తొక్కితే సాయం అందకపోతే క్రాంకు దగ్గర ఉన్న అయస్కాంతాల చక్రం సెన్సరుకు దూరంగా జరిగి ఉంటుంది.

ఆగి ఆగి నడిస్తే మోటారు కనెక్టరు చూడండి. రెండు ముక్కల మీదా బాణం గుర్తులుంటాయి. అవి ఎదురెదురు పెట్టి, మెలిపెట్టకుండా సూటిగా తోయాలి. కొన్నింటి మీద గీత ఉంటుంది, అది కనిపించకుండా పోయేదాకా లోపలికి వెళ్లాలి. మెలిపెడితే లోపలి సన్నటి పిన్నులు వంగుతాయి.

ఎర్రర్ నంబరు కనిపిస్తే మీ బండి మాన్యువల్‌లోనే అర్థం చూసుకోండి. బఫాంగ్ కంపెనీ మోటారు సిస్టంలలో 21 అంటే స్పీడ్ సెన్సర్ లోపం, ఇంకో రకం డిస్‌ప్లేలో అదే 21 కరెంటు లోపానికి గుర్తు. స్పీడ్ సెన్సర్ లోపమైతే మొదట వెనుక చక్రం పుల్లకు (స్పోకుకు) బిగించిన అయస్కాంతం జరిగిందేమో చూడండి.

వేగం 25 దాటగానే మోటారు ఆగిపోతోంది

ఇది లోపం కాదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 15194 ప్రకారం చేసిన బండిలో సాయం గంటకు 25 కి.మీ. దగ్గర ఆగాలి. డిస్‌ప్లేలో టైరు సైజు తప్పుగా ఉంటే మాత్రం వేగం లెక్క తప్పుతుంది, అది సరిచేయండి.

వెనుక చక్రం ఒక పక్కకు జరిగింది, బయలుదేరేటప్పుడు 'ఠక్' మంటోంది

హబ్ మోటారు (చక్రం మధ్యలోనే ఉండే మోటారు) ఉన్న బండిలో ఈ శబ్దం వస్తే అక్కడే ఆపి నడిపించుకుని వెళ్లండి. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే అదే బలంతో ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది ఇరుసుకు రెండు పక్కలా చెక్కిన చదును, దానితో పాటు ఒక చిన్న వాషరు. ఆ వాషరుకు ఒక పన్ను ఉంటుంది, అది ఫ్రేము గాడిలో దిగాలి. పన్ను బయటికి తిరిగి ఉన్నా, గాడి పక్కన లోహం మీద ఎక్కి కూర్చున్నా, నట్టు బిగిసినట్టే అనిపిస్తుంది. నాలుగు రోజులకు ఇరుసు తిరిగి, అందులోంచి బయటికొచ్చే మోటారు తీగను మెలిపెట్టి తెంపేస్తుంది. అప్పుడిక మొత్తం మోటారు చక్రమే మార్చాల్సి రావచ్చు.

నట్లు తీసి, పన్నును గాడిలో కూర్చోబెట్టి, కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించాలి. చాలా మోటార్లకు అది 40 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. తీగ కిందివైపు వంపు తిరిగి పైకి వెళ్లేలా పెడితే వాననీళ్లు లోపలికి పోవు. పంక్చరు వేయించిన ప్రతిసారీ ఈ వాషరు ఒకసారి చూసుకోండి.

చైను జారుతోంది, పెద్ద గేరులో పుల్లల వైపు పోతోంది

గేర్లు మార్చే డెరెయిలర్‌ను మోసే హ్యాంగర్ పెట్టెలో దెబ్బ తిని వంగి ఉంటుంది. పెద్ద గేరు (వెనుక అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం) వేయకుండా మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి. గేజీ పెట్టి దాన్ని నిటారు చేశాకే, చైను హద్దు దాటకుండా ఆపే లిమిట్ స్క్రూలు, తీగ సర్దాలి. వంగిన హ్యాంగర్ మీద స్క్రూలు ఎంత తిప్పినా వృథా.

బ్యాటరీ ఛార్జ్ ఎక్కడం లేదు

కొన్ని బ్యాటరీలు రవాణా కోసం నిద్రలో ఉంచి పంపుతారు, తనతో వచ్చిన ఛార్జరు పెట్టగానే లేస్తాయి. 36 వోల్టుల బ్యాటరీ నిండితే 42, 48 వోల్టులది నిండితే 54.6 చూపడం మామూలు. ఉబ్బినా, వాసన వచ్చినా, పెట్టకముందే వేడిగా ఉన్నా ఛార్జింగ్ ప్రయత్నమే చేయొద్దు. దాన్ని విప్పి బాగుచేస్తామనేవాళ్లకు కూడా ఇవ్వొద్దు, అమ్మినవాళ్లతో మార్పించుకోండి.

డబ్బిచ్చి బిగింపించుకుంటుంటే

తెలియని కంపెనీ బండి అయితే చాలామంది మెకానిక్‌లు ఎలక్ట్రికల్ భాగం ముట్టుకోమంటారు. ఆ మాట తప్పు కాదు, మెకానికల్ పని వరకైనా చేయించండి. ఏయే బోల్టు ఎంత టార్క్‌కు బిగించారో రాసి ఇమ్మనండి. కొన్ని కంపెనీలు వారంటీకి ఆ రసీదు అడుగుతాయి. మోటారు నడిపించి చూశారా అని కూడా అడగండి. మొదటి 150 కి.మీ. దాటాక బండిని మళ్లీ తీసుకెళ్లాలి. పుల్లలు అప్పటికి సర్దుకుని వదులవుతాయి, మొదటి ప్రయాణాల్లో వినిపించే 'టింగ్' శబ్దాలు అవే. గేరు తీగలు సాగుతాయి, ఇరుసు నట్లను కూడా ఇంకొంచెం బిగించాల్సి రావచ్చు.