మోటరు వేస్తే ఇన్వర్టర్ ఆగిపోతుంటే: నా అనుభవం

కరెంటు లైను లేని మా పొలం ఇంటికి సోలారే ఆధారం. ఈమధ్య నీళ్ల మోటరు వేయగానే ఇన్వర్టర్ కుయ్యిమని ఆగిపోయేది. లైట్లు మాత్రం మామూలే. బ్యాటరీ పోయిందన్నారు అందరూ. (ఎవరిని అడిగినా ముందు అదే అంటారు!)

మోటరు వేయించి, అది ఆగేలోపు రెండు చోట్ల కొలిచాను. బ్యాటరీ పోస్టుల (తీగలు బిగించే లోహపు కొమ్ముల) మీద 12.1 వోల్టులు, ఇన్వర్టర్ దగ్గర 10.5. అంటే బ్యాటరీ బాగానే ఉంది, వోల్టేజీ దారిలోనే పోతోంది. మీటరు ఒక ముల్లు పాజిటివ్ పోస్టు మీద, రెండోది దానికి బిగించిన లగ్గు (తీగ చివరి లోహపు రింగు) మీద పెట్టగానే దొంగ దొరికాడు: 1.3 వోల్టులు అక్కడే. ముట్టుకుంటే వేడిగా కూడా ఉంది. పైకి శుభ్రంగా కనిపిస్తున్నా లగ్గు కింద తెల్లటి పొర.

ముందు ప్యానెళ్ల లైను ఆపి, తర్వాత బ్యాటరీ నెగటివ్, ఆఖరున పాజిటివ్ విప్పాను. వంటసోడా నీళ్లతో తోమాను. ఆ నీళ్లు సెల్లుల్లోకి పోతే యాసిడ్ చెడుతుంది, జాగ్రత్త. ఆరాక లోహం మెరిసేదాకా బ్రష్‌తో గీకి, గట్టిగా బిగించి, ఆపైనే పెట్రోలియం జెల్లీ రాశాను. తిరిగి కలిపేటప్పుడు పాజిటివ్, నెగటివ్, చివర్లో ప్యానెళ్లు.

ఇప్పుడు అక్కడ తేడా 0.02 వోల్టులు. ట్యాంకు నిండేదాకా మోటరు ఆగట్లేదు.