పారిస్ ప్రేమకథా చిత్రాలను చూడటం ఎలా?

పారిస్ నేపథ్యంగా సాగే ప్రేమకథా చిత్రాలను చూడదలచినవారు, తెరపై కనిపిస్తున్నది నిజమైన నగరమా లేక సెట్టా అన్న విషయాన్ని ముందుగా గమనించాలి. 1951లో వచ్చిన ‘యాన్ అమెరికన్ ఇన్ పారిస్’లోని వీధులు దాదాపు అన్నీ కాలిఫోర్నియా స్టూడియోలో వేసినవే కనుక, దానిని నృత్యాల కోసం, రంగుల కోసం చూడండి. ఆ వెంటనే 1960 నాటి ఫ్రెంచ్ దర్శకుడు గొడార్ చిత్రం ‘బ్రెత్‌లెస్’ పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. ఛాయాగ్రాహకుడు రౌల్ కుటార్ చక్రాల కుర్చీలో కూర్చుని, కెమెరాను చేతపట్టి తీసిన దృశ్యాలు అందులో ఉన్నాయి. షాంజెలీజే వీధిలో నటుల వైపు తిరిగి చూసే బాటసారులను తప్పక గమనించండి.

నా దృష్టిలో వీటన్నిటిలోనూ మనసుకు దగ్గరగా వచ్చేది 2004 నాటి ‘బిఫోర్ సన్‌సెట్’. అయితే దానికి ముందు 1995 నాటి ‘బిఫోర్ సన్‌రైజ్’ చూసి తీరాలి. వియన్నాలో ఒక్క రాత్రి కలిసి తిరిగి విడిపోయిన ఆ ఇద్దరు ప్రేమికులూ తొమ్మిదేళ్ల తరువాత పారిస్‌లోని షేక్‌స్పియర్ అండ్ కంపెనీ పుస్తకాల దుకాణంలో ఎదురుపడినప్పుడు, వారి మౌనంలోని బరువు అప్పుడే అర్థమవుతుంది. కథ జరిగే కాలమూ చిత్ర నిడివీ దాదాపు ఒకటే, అంటే సుమారు 80 నిమిషాలు. కనుక మధ్యలో ఆపకుండా, సబ్‌టైటిళ్లు పెట్టుకుని ఒకే విడతలో చూడాలి.

పారిస్‌లోని మోమార్త్ర్ గుట్టపై సాగే ‘అమేలీ’ని చివరికి ఉంచుకోండి. అందులోని కెఫే రూ లెపిక్ వీధిలో నిజంగానే ఉంది.