గిట్ క్లీన్ కొట్టే ముందు ఒక్కసారి ఆగండి

ప్రాజెక్టు ఫోల్డర్‌లో పాత బిల్డ్ ఫైళ్లు, ట్రయల్ కోసం రాసి వదిలేసిన స్క్రిప్టులు పేరుకుపోతే చాలామంది వాటిని తీసేయడానికి గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే టూల్) ఇచ్చే కమాండ్ 'గిట్ క్లీన్ -ఎఫ్‌డీ'ని నేరుగా కొట్టేస్తారు. దయచేసి ముందు 'గిట్ క్లీన్ -ఎన్‌డీ' కొట్టి చూడండి. ఇది దేన్నీ చెరపదు. ఏ ఫైళ్లు, ఏ ఫోల్డర్లు పోబోతున్నాయో లైనుకొకటి చొప్పున చూపిస్తుంది, అంతే. ఆ లిస్టు పైనుంచి కిందిదాకా చదవండి.

ఇంతలా ఎందుకు చెబుతున్నానంటే, క్లీన్ తీసేసేది గిట్‌కి మనం ఇంకా అప్పగించని ఫైళ్లను. వాటి కాపీ గిట్ దగ్గర ఉండదు. రీఫ్‌లాగ్‌లో (గిట్ పాత కమిట్లను గుర్తుపెట్టుకునే లాగ్‌లో) వెతికినా దొరకదు, రీసైకిల్ బిన్‌లోకీ వెళ్లదు. కొత్తగా రాసి ఇంకా 'గిట్ యాడ్'తో గిట్‌కి అప్పగించని ఫైలు నాకు ఒకసారి అలాగే పోయింది, మళ్లీ మొదటినుంచీ రాసుకోవాల్సి వచ్చింది.

ఈ కమాండ్‌కి చేర్చే '-ఎక్స్' ఆప్షన్ విషయంలో ఇంకా జాగ్రత్త. చిన్న ఎక్స్ పెడితే గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల లిస్టులో) ఉన్నవి కూడా పోతాయి, అంటే పాస్‌వర్డులు పెట్టుకున్న '.ఎన్వ్' ఫైలు కూడా! దాన్ని కాపాడుకోవాలంటే కమాండ్ చివర '-ఈ .ఎన్వ్' చేర్చండి. పెద్ద ఎక్స్ అయితే ఇగ్నోర్ చేసినవాటినే తీస్తుంది, మీరు కొత్తగా రాసినవాటి జోలికి రాదు.

ఏది ఉంచాలో, ఏది తీయాలో తేలకపోతే క్లీన్ వద్దు, మార్పులనూ కొత్త ఫైళ్లనూ తాత్కాలికంగా పక్కన దాచే 'గిట్ స్టాష్ -యూ' చేయండి. ఫోల్డర్ శుభ్రమవుతుంది, కావాలంటే 'గిట్ స్టాష్ పాప్'తో అన్నీ వెనక్కి వస్తాయి.