మొబిలిటీ స్కూటర్ దిగే ముందు తాళం తిప్పండి

ఇంట్లో పెద్దవాళ్లకి మొబిలిటీ స్కూటర్, అదే నడక కష్టమైనవాళ్లు కూర్చుని వెళ్లే బ్యాటరీ బండి, కొన్నారా? ముందు ఒక్కటి అలవాటు చేయించండి: ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాళం ఆఫ్‌లోనే ఉండాలి. లేవబోతుంటే ఊతం కోసం చెయ్యి హ్యాండిల్ మీదకే పోతుంది. వేళ్లు అక్కడున్న స్పీడ్ లివర్‌ని నొక్కాయంటే, మనిషి సగం లేచి ఉండగానే బండి ముందుకు ఉరుకుతుంది. మా నాన్నగారు ఓసారి గోడ ఆసరా దొరికి బతికిపోయారు.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. వెనక చక్రాల దగ్గర మరో చిన్న లివర్ ఉంటుంది, బండిని చేత్తో తోసుకోవడానికి. అది తిప్పితే మోటారుకీ చక్రాలకీ పొత్తు తెగిపోతుంది. మామూలుగా స్పీడ్ లివర్ వదలగానే దానంతటదే పడే బ్రేకు ఇక పడదు. వాలు మీద గానీ, మనిషి కూర్చుని ఉండగా గానీ దాన్ని ముట్టుకోవద్దు. తోయడం అయ్యాక లివర్ మళ్లీ సరిగ్గా పడిందో లేదో అనుమానమా? బండిని చేత్తో ఒక్కసారి నెట్టి చూడండి. మొండికేసి కదలకపోతే సరిగ్గా ఉన్నట్టే.

అన్నట్టు, లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే ఛార్జింగ్ దిగిపోయిన బండిని రోజుల తరబడి అలాగే వదిలేయకండి, బ్యాటరీ తొందరగా పాడవుతుంది.