స్టోరేజ్ సర్వర్‌కు ఏ ఎస్ఎస్‌డీ: కన్జ్యూమర్ రకమా, ఎంటర్‌ప్రైజ్ రకమా? ఎలా తేల్చుకోవాలి?

సర్వర్‌కు ఎస్ఎస్‌డీ కొనేటప్పుడు అందరూ ముందుగా అడిగేది, అది ఎన్నాళ్లు మన్నుతుందని. అడగాల్సిందే. కానీ నా దృష్టిలో అంతకంటే పెద్ద ప్రశ్న, రాస్తుండగా కరెంటు పోతే ఏమవుతుందన్నది. ఈ రెండింటికీ జవాబు దొరికితే ఏది కొనాలో దాదాపు తేలిపోయినట్టే.

1. రోజుకు ఎంత రాస్తున్నారో కొలవండి. ఎన్‌వీఎంఈ (వేగవంతమైన ఎస్ఎస్‌డీ రకం) డ్రైవ్ మీద, డ్రైవ్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్ నడిపితే 'డేటా యూనిట్స్ రిటెన్' అనే అంకె కనిపిస్తుంది. ఒక్కో యూనిట్ 5,12,000 బైట్లు. ఆ అంకెను వారం తేడాతో రెండుసార్లు చూసి, పెరిగినదాన్ని 7తో భాగించండి.

2. దాన్ని టీబీడబ్ల్యూతో, అంటే మొత్తం ఎన్ని టీబీ రాయవచ్చని కంపెనీ ఇచ్చే హామీతో పోల్చండి. శాంసంగ్ 870 ఈవో 1 టీబీ డ్రైవ్‌కు 5 ఏళ్ల వారంటీ, 600 టీబీ రాత హామీ ఉన్నాయి. రోజులకు పంచితే రోజుకు సుమారు 330 జీబీ. ఎంటర్‌ప్రైజ్ డ్రైవ్‌లకు ఈ లెక్కను డీడబ్ల్యూపీడీలో, అంటే రోజుకు డ్రైవ్ మొత్తాన్ని ఎన్నిసార్లు నింపవచ్చో చెబుతారు. 1 డీడబ్ల్యూపీడీ ఉన్న 1 టీబీ డ్రైవ్ ఐదేళ్లలో 1,825 టీబీ తట్టుకుంటుంది. మీరు కొలిచింది రోజుకు 40 జీబీయే అయితే మన్నిక గురించి టెన్షన్ అక్కర్లేదు.

3. సింక్ రాతలు ఉన్నాయా చూడండి. అసలు తేడా ఇక్కడే. డేటాబేస్ ఒక లావాదేవీ రాసి, అది చిప్‌లో భద్రంగా పడిందని డ్రైవ్ చెప్పేదాకా ఆగుతుంది; ఇదే సింక్ రాత. మామూలు (కన్జ్యూమర్) డ్రైవ్ తన ర్యామ్‌లో ఉన్నదాన్ని ఫ్లాష్‌లోకి దించాకే ఆ మాట చెప్పాలి, అందుకే ఆలస్యం. ఎంటర్‌ప్రైజ్ డ్రైవ్‌లలో చాలావాటికి కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు పోయినా ర్యామ్‌లోని డేటాను రాసి ముగించేంత శక్తి వాటిలో నిల్వ ఉంటుంది కాబట్టి డ్రైవ్ వెంటనే 'సరే' అనగలదు. యూపీఎస్ ఉంది కదా అనకండి. సర్వర్‌లోని పవర్ సప్లై పాడైతే యూపీఎస్ ఏమీ చేయలేదు, ఈ వేగాన్నీ అది ఇవ్వలేదు. స్పెసిఫికేషన్‌లో 'పవర్ లాస్ ప్రొటెక్షన్' అన్న మాట ఉందో లేదో వెతకండి.

4. ఎఫ్ఐఓ అనే డిస్క్ వేగం కొలిచే ప్రోగ్రామ్‌తో పరీక్షించండి, ఖాళీ డ్రైవ్ మీద మాత్రమే. 4 కేబీ బ్లాక్, క్యూ లోతు 1 (ఒకసారికి ఒక్క రాతే), ప్రతి రాతకూ ఎఫ్‌సింక్ (డ్రైవ్‌లో భద్రంగా పడేదాకా ఆగమనే ఆదేశం) పెట్టండి. తర్వాత ఓ గంటపాటు ఆపకుండా పెద్ద రాతలు రాయించండి. మామూలు డ్రైవ్‌లో ఎస్ఎల్‌సీ క్యాష్ (రాతలను ముందుగా వేగంగా అందుకునే ఫ్లాష్ భాగం) నిండగానే వేగం పడిపోవడం కళ్లారా చూస్తారు.

5. స్లాట్, గాలి చూసుకోండి. ఎంటర్‌ప్రైజ్ ఎం.2 (మదర్‌బోర్డుకు నేరుగా గుచ్చే సన్నని కార్డు) డ్రైవ్‌లు చాలావరకు 110 మిల్లీమీటర్ల పొడవుంటాయి, 80 మిల్లీమీటర్ల స్లాట్‌లో పట్టవు. యూ.2 రకాలకు (2.5 అంగుళాల సర్వర్ డ్రైవ్‌లు) ఫ్యాన్ గాలి తగలాలి.

ఎక్కువగా చదవడమే ఉండే ఫైళ్లకు, మిర్రర్‌లో (ఒకే డేటా రెండింటిలోనూ ఉండేలా) పెట్టిన మామూలు డ్రైవ్‌లు చాలు. డేటాబేస్, వర్చువల్ మెషీన్లు, జెడ్ఎఫ్ఎస్ స్లాగ్ (జెడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ సింక్ రాతలను ముందుగా రాసుకునే డ్రైవ్) అయితే కెపాసిటర్లున్న డ్రైవే కొనండి, కెపాసిటీ కొంత తగ్గినా సరే. అలాగని ఎంటర్‌ప్రైజ్ డ్రైవ్‌లో బ్యాకప్ తీసి అలమారాలో పెట్టకండి. రాత పరిమితి పూర్తిగా వాడేశాక కరెంటు లేకుండా అది డేటాను నిలపాల్సింది జెడెక్ (చిప్‌లకు ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) ప్రమాణం ప్రకారం 40 డిగ్రీల వద్ద 3 నెలలే. మామూలు డ్రైవ్‌కు 30 డిగ్రీల వద్ద ఏడాది.