కారు పెయింట్ మీద స్విర్ల్ గీతలు, బఫింగ్ మార్కులు తీయడం ఎలా?

రాత్రి పూట పెట్రోల్ బంకులో లైటు కింద కారు ఆగినప్పుడు బానెట్ వైపు ఒకసారి చూడండి. లైటు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు గుండ్రంగా కనిపిస్తాయి. అవే స్విర్ల్ మార్కులు. నిజానికి ఆ గీతలు గుండ్రంగా ఉండవు, అన్ని దిక్కులా అడ్డదిడ్డంగా ఉంటాయి, లైటుకి అడ్డంగా పడ్డవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి మన కంటికి చక్రంలా కనిపిస్తాయి. ఇంకో రకం ఉంది. పాలిష్ కొట్టించిన కారు పక్కనే ఎండలో నడుస్తుంటే మనతో పాటు పొగలాగా కదిలే చారలు, పాలిష్ మిషన్ ఎటు తిరిగితే అటు అలల్లాగా. అవి బఫింగ్ మార్కులు, పని తెలిసినవాళ్లు హోలోగ్రామ్ అంటారు. మొదటివి వాడకం వల్ల వస్తాయి, రెండోవి డబ్బులిచ్చి మరీ వేయించుకుంటాం.

శ్రీకాకుళంలో మా ఇంటి వెనక షెడ్డులో ఏళ్ల తరబడి చుట్టాలవీ స్నేహితులవీ కార్లు సరిచేస్తున్నాను, కాబట్టి గీతలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా చెబుతాను. పొద్దున్నే పొడి గుడ్డతో బండి తుడవడం, అదొక్కటి చాలు. టెక్కలి వైపు నుంచి గ్రానైట్ లారీలు తిరిగే హైవే మీద వెళ్లొచ్చిన కారుకి ఎంత సన్నని రాతిపొడి అంటుకుంటుందో వేలితో రాసి చూడండి. ఆ పొడి మీద పొడి గుడ్డ వేసి తుడవడమంటే ఉప్పుకాగితంతో రుద్దడమే. కొత్త కారుని అరసవల్లి తీసుకెళ్లి పూజ చేయిస్తారు, చేయించాల్సిందే, కానీ ఎండిపోయిన పసుపూ గంధమూ అక్కడికక్కడే చేతిరుమాలుతో గోకేస్తారు. కారు వయసు ఒక్కరోజు, బానెట్ మీద అప్పుడే గీతలు. కొబ్బరిపీచుతో కడిగేవాళ్ల గురించి నేనేమీ అనను.

ఇప్పుడు పని. ముందు నీళ్లతో దుమ్మంతా జారిపోయేలా కొట్టి, కార్ షాంపూతో కడగండి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదానిలో షాంపూ, ఇంకోదానిలో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. తర్వాత క్లే బార్, అది బంకమట్టి ముద్దలా ఉంటుంది, తడి చేసిన పెయింట్ మీద మెల్లగా జార్చితే అంటుకుపోయిన ఇనుప రజనూ తారు చుక్కలూ ఊడొస్తాయి. కింద పడ్డ క్లే మళ్లీ వాడొద్దు. మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది ఆరబెట్టండి. పొందూరు ఖద్దరు ఎంత మెత్తగా ఉన్నా సరే, అది కట్టుకోవడానికి. ఇదంతా గంటన్నర పని.

పని నీడలోనే చేయాలి. చెట్టు నీడ నీడ కాదు, పైనుంచి ఏదో ఒకటి రాలుతూనే ఉంటుంది. ఎండాకాలంలో అయితే నేను ఆరింటికి మొదలుపెట్టి పదింటికి ఆపేస్తాను. రేకు మీద చెయ్యి పెడితే చల్లగా తగలాలి, వెచ్చగా ఉంటే కాంపౌండ్, అంటే గీతల్ని అరగదీసే ముతక పాలిష్, పెట్టిన వెంటనే ఎండి పొడైపోతుంది. ఉంగరం, వాచీ, బెల్టు తీసేయండి. మిషన్ వైరుని భుజం మీదుగా వెనక్కి వేసుకోండి, అది బానెట్ మీద పాకితే మీరు తీసిన గీతలకి కొత్తవి చేరతాయి. తలుపుల అంచులకీ, బానెట్ మీది మడతలకీ, రబ్బరు బీడింగులకీ, నల్ల ప్లాస్టిక్కుకీ మాస్కింగ్ టేపు వేయండి. టేపు దగ్గర పిసినారితనం పనికిరాదు.

మిషన్ డ్యూయల్ యాక్షన్‌దే తీసుకోండి. రోటరీ అయితే ఒకే ఇరుసు మీద గిరగిరా తిరుగుతుంది, వేగంగా కోస్తుంది, వేడి పుట్టిస్తుంది. డ్యూయల్ యాక్షన్ తిరుగుతూనే పక్కలకి ఊగుతుంది, కాబట్టి ఒకే దారిలో గీత పడదు. రోటరీతో అద్దంలా తీసే మేస్త్రీలు ఉన్నారు, కాదనను, కానీ వాళ్లు ఇరవై ఏళ్లు అదే పని చేసినవాళ్లు. రోటరీకి ఉన్నిప్యాడ్, అంటే రుద్దే ఉన్ని బిళ్ల, తగిలించి ముతక కాంపౌండ్‌తో అరగంటలో కారంతా తిప్పేసి పంపేవాళ్లే ఎక్కువ, ఆ హోలోగ్రాములు అక్కడివే. ఫోమ్ ప్యాడ్లు కనీసం నాలుగు కొనండి, రెండు గట్టివి, రెండు మెత్తవి. ఒకే ప్యాడ్‌తో కారంతా లాగించాలనుకుంటే మిషన్ కొనకుండా ఉండటమే నయం.

ఇక అసలు పని. ఇక్కడే అందరూ పాడు చేస్తారు.

ముందు ఒక లెక్క తెలుసుకోండి. కంపెనీ పెయింట్ మొత్తం మందం సుమారుగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో రంగుకి పైన ఉండే పారదర్శకమైన పొర, క్లియర్ కోట్, 40 మైక్రాన్లకి అటూఇటూ. తలవెంట్రుక కంటే పలచన. స్విర్ల్ గీతలన్నీ ఆ పొర పైపైన ఉంటాయి. పాలిష్ చేయడమంటే గీతని పూడ్చడం కాదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొరని అరగదీయడం. అరగదీసింది మళ్లీ రాదు. అందుకే గోరుకి తగిలే లోతు గీతల జోలికి పోవద్దు, వాటి అంచులు మెత్తబడి కాస్త కనబడకుండా పోతే చాలనుకోండి. అంతకుముందే రెండుమూడుసార్లు పాలిష్ అయిన కారైతే పెయింట్ మందం కొలిచే మీటరు ఉన్నవాళ్ల దగ్గర చూపించాకే చెయ్యి వేయండి.

కారంతా ఒకేసారి మొదలుపెట్టొద్దు. బానెట్ మీద ఒక మూల రెండడుగుల చదరం టేపుతో కట్టి అక్కడ ప్రయత్నించండి, ముందు మెత్తటి ప్యాడ్, సన్నని పాలిష్‌తో. దానితో గీతలు పోతే అదే చాలు. పోకపోతేనే గట్టి ప్యాడ్, కాంపౌండ్. జనం దీన్ని తిరగేసి చేస్తారు, ముందే ముతకది పట్టుకుంటారు. ప్యాడ్‌కి కారు రంగు అంటుతోందేమో చూడండి. అంటితే ఆ బండికి క్లియర్ కోట్ లేనట్టు, లేదా మీరు దాన్ని దాటేసినట్టు. రెంటిలో ఏదైనా అక్కడే ఆపండి.

ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు నాలుగు చాలు. మిషన్ ఆన్ చేయకముందే ప్యాడ్‌ని పెయింట్‌కి ఆనించండి, లేకపోతే కాంపౌండ్ మీ చొక్కా మీదా గోడ మీదా ఉంటుంది. తక్కువ వేగంలో పరిచి, తర్వాత మిషన్ మీది వేగం అంకెని నాలుగుకో ఐదుకో పెంచి, సెకనుకి అంగుళం చొప్పున జరపండి. సెకనుకి అంగుళం అంటే చాలా నెమ్మది, చేసేవాడికి విసుగొస్తుంది, అలా విసుగొస్తే సరిగ్గా చేస్తున్నట్టు. ఒక వరసని ఇంకో వరస సగం కప్పాలి, ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా, నాలుగు నుంచి ఆరుసార్లు. కనిపెట్టడానికి ఒక చిట్కా: ప్యాడ్ వెనక ఉండే ప్లేటు అంచుకి మార్కర్‌తో ఒక గీత గీయండి. పని జరుగుతున్నప్పుడు ఆ గీత తిరుగుతూ కనిపించాలి. ఆగిపోయి ఊగుతూ మాత్రమే ఉంటే మీరు మరీ నొక్కుతున్నారు, లేదా ప్యాడ్ వాలిపోయింది. మిషన్ బరువు, దానికి తోడు చెయ్యి బరువు కొంచెం, అంతే. మన వైపు వోల్టేజీ పడిపోయినప్పుడు కూడా గీత ఆగుతుంది, అప్పుడు నొక్కడం కాదు, టీ తాగి రావాలి.

అంచుల దగ్గర పెయింట్ సహజంగానే పలచన. ప్యాడ్ సగం అంచు దాటి బయటికి పోతే బరువంతా ఆ గీతంత చోటు మీదే పడుతుంది. నేను రోటరీ వాడే రోజుల్లో ఒక తెల్లకారు తలుపు అంచు దగ్గర రెండు సెకన్లు ఎక్కువ ఆగాను, శనగబద్దంత చోట కిందున్న బూడిదరంగు ప్రైమర్ బయటపడింది. ఆ తలుపుకి పెయింట్ వేయించడానికైన ఖర్చు నేనే పెట్టుకున్నాను. ప్లాస్టిక్ బంపర్ దగ్గర ఇంకా జాగ్రత్త, రేకులాగా అది వేడిని లాగేసుకోదు, పెయింట్ పైనే వేడి నిలిచిపోతుంది. రెండు వరసలకొకసారి వేళ్ల వెనక వైపుతో తాకి చూడండి. ఒక్కో చదరం అయ్యాక ప్యాడ్‌ని నైలాన్ బ్రష్‌తో గోకి శుభ్రం చేయండి, అరిగిన పెయింట్ పొడి దానిలోనే ఉంటుంది, అదే మళ్లీ కొత్త గీతలు గీస్తుంది.

ఇంతవరకూ స్విర్ల్స్ పోతాయి, హోలోగ్రామ్ పోదు. గట్టి ప్యాడ్ కూడా తన గీతలు తను వదులుతుంది, కంటికి మసకలా కనిపిస్తాయి. దాని మీద మెత్తటి ప్యాడ్, సన్నని పాలిష్‌తో ఇంకోసారి మొత్తం చేయాలి, తక్కువ బరువుతో. టెక్కలిలో గ్రానైట్ పలకకి మెరుగు పెట్టేవాళ్లని అడగండి, ముతక రాయి తర్వాత సన్నది, దాని తర్వాత ఇంకా సన్నది, మధ్యలో ఒకటి ఎగ్గొడితే పలక మీద ఆ చార వెలుగులో కనిపిస్తూనే ఉంటుంది. కారుకీ అంతే. బఫింగ్ మార్కులు తప్ప వేరే గీతలు లేని కారైతే ఈ రెండో విడత పని ఒక్కటే సరిపోతుంది, కాంపౌండ్ ముట్టనక్కర్లేదు.

అయ్యాక మెరుపు చూసి మురిసిపోకండి. కాంపౌండ్‌లో నూనెలుంటాయి, అవి గీతల్లో నిండి అంతా నున్నగా కనిపిస్తుంది. మా బావ నల్లకారు ఇలాగే ఒక షాపులో పాలిష్ కొట్టించి తెచ్చాడు, వీధంతా చూసి మెచ్చుకుంది. రెండుసార్లు నీళ్లు పడేసరికి నూనె పోయి చారలన్నీ తేలాయి. మా అక్క చూసి "ఏటిరా ఇది, తోమిన గిన్నెలా అయిపోనాది" అంది. అందుకని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతు, నీళ్లు మూడు వంతులు కలిపి, శుభ్రమైన మైక్రోఫైబర్ మీద పోసి తుడవండి. దగ్గర్లో నిప్పు, బీడీ ఉండకూడదు. అప్పుడు కారుని ఎండలోకి నెట్టి, వంగి, పక్కనుంచి చూడండి, లేదా సెల్‌ఫోన్ లైటు పట్టి చూడండి. ట్యూబ్‌లైట్ కింద ప్రతి కారూ బాగానే ఉంటుంది. చారలు మిగిలితే మెత్తటి ప్యాడ్‌తో ఇంకోసారి. ఇలా తుడవకుండా పని అయిపోయిందని చెప్పేవాడికి డబ్బులివ్వొద్దు.

బానెట్ ఒక్కదానికీ రెండు గంటలు, కారంతా అయితే రెండు పొద్దుటిపూటలు పడుతుంది. ఆఖర్న పెయింట్‌ని కాపాడే వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ పలచగా రాసి, ఆరాక తుడిచేయండి. మందంగా రాసినంత మాత్రాన ఎక్కువ రోజులు ఉండదు, తుడవడం మాత్రం ఎక్కువసేపు పడుతుంది. సెరామిక్ కోటింగ్ వేయించుకునే ఉద్దేశం ఉంటే అది కూడా ఈ పనంతా అయ్యాకే, లేదంటే గీతల మీద గాజు మూత పెట్టినట్టే.

బావ కారు సరిచేయడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. తుడుచుకోవడానికి నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు కూడా ఇచ్చాను. అవి డిక్కీలో ప్యాకెట్ విప్పకుండా ఉన్నాయి, ముందు సీటు పక్కన మాత్రం ఇప్పటికీ పాత పసుపు గుడ్డే. నేను వెళ్లినప్పుడల్లా తీసి పారేస్తాను, మళ్లీ వెళ్లేసరికి ఇంకోటి ఉంటుంది.